పసివారి నడక

ధ్యాన భాగము: ఆదికాండము 33వ అధ్యాయము, 1–17 వచనములు



కొంతకాలము క్రిందట ఒక ఆదివారము ఆరాధన ముగిసి, సంఘస్థులందరు సెలవు పుచ్చుకొని వెళ్లిన తరువాత, ఒక సహోదరుడు మాత్రము గుడి వాకిట వేపచెట్టు క్రింద నిలిచియుండెను. ఏదో అడుగవలెనని యున్నదిగాని నోరు రాకున్నదని ఆయన ముఖమే చెప్పుచుండెను. అప్పుల బాధయా, రోగమా, ఇంటిలో కలతయా అని మనస్సులో తలపోసికొనుచు మేము దగ్గరకు పోతిమి. ఆయన జేబులోనుండి ఫోను తీసి ఒక ఫోటో చూపెను. అది ఒక కారు ఫోటో.

"అయ్యగారండీ, నా కారు ఇచ్చేసి దీన్ని తీసుకుందామనుకుంటున్నానండి. తప్పంటారా?" అని అడిగెను.

మాకు నవ్వు వచ్చినది. కారు మార్చుకొనుటకు మెకానిక్కును అడుగవలెనుగాని పాదిరిని అడుగుటయేమి అని తోచినది. అయితే ఆ నవ్వు ఎక్కువసేపు నిలువలేదు. ఆయన ప్రశ్న తిరిగి తిరిగి మా పాత తప్పిదము దగ్గరకే మమ్మును తెచ్చి నిలువబెట్టినది. ఆ సహోదరుని అనుమతితోనే, ఆయన పేరు చెప్పక, ఈ సంగతి వ్రాయుచున్నాము. వాహనము లేని యిల్లు అరుదైన యీ దినములలో ఇది అనేకులకు ఉపయోగపడునని మా నమ్మిక.

రెండు కార్లు

ఈ సహోదరుడు కువైటులో ఏడేండ్లు డ్రైవరుగా పనిచేసి తిరిగివచ్చి, 2022లో ఒక క్రొత్త కారు కొనెను. చిన్న కారే. పైకప్పు ఎత్తుగా నుండుటవలన ముసలివారు నడుము వంచకయే ఎక్కి కూర్చుండగలరు. ఆయన తల్లి మా ఆత్రేయపురములో ముప్పది యేండ్లు పూతరేకులు తీసిన మనిషి. బోర్లించిన కుండ క్రింద కొబ్బరి కమ్మల మంట, చేతిలో పిండిలో ముంచిన గుడ్డ, ఎదుట కదలక కూర్చున్న మనిషి. 2023లో మన పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినదని మనమందరము సంతోషించితిమిగదా. ఆ పేరు వెనుక ఇట్టి తల్లుల నడుములును మోకాళ్లును ఉన్నవి. ఆమె కిప్పుడు మోకాళ్లు వంగవు. నెలకు రెండుసార్లు బొబ్బర్లంక మీదుగా, కాటన్ బ్యారేజీ దాటి, ధవళేశ్వరము మీదుగా రాజమహేంద్రవరము ఆసుపత్రికి ఆమెను తీసికొనిపోవునది ఆ కారే. పేటలో ఎవరికి రాత్రివేళ పురిటి నొప్పులు వచ్చినను, 108 వచ్చులోగా, ఆ యింటి తలుపే తట్టుదురు.

ఆయన కోరినది 2002వ సంవత్సరపు హోండా సిటీ వీటెక్. కార్ల సంగతి తెలియని పాఠకుల కొరకు కొంచెము చెప్పుదుము. హోండా సిటీ మన దేశములో 1998లో వచ్చినది. 2000లో అందులోనే వీటెక్ అను ఇంజనుతో ఒక రకము విడుదలైనది. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు ఒక తీరున, వేగముగా తిరుగునప్పుడు మరియొక తీరున వాల్వులు తెరచుకొనునట్లు చేసిన ఏర్పాటు అది. వేగము ముదిరినకొలది వాల్వులు మరింత ఎత్తుగా, మరింత సేపు తెరచుకొని, ఇంజనులోనికి గాలి ఎక్కువగా పోవును. అప్పుడు ధ్వనియే మారును. ఒకటిన్నర లీటరు ఇంజనునకు 106 గుర్రముల బలము. ఆ కాలములో మన రోడ్ల మీద అది చాల గొప్ప. 2003లో ఆ ఆకారము మారిపోయి, దాని స్థానములో వేరొక సిటీ వచ్చినది. అందుచేత ఆ పాతదానిని ప్రాణముగా చూచుకొనువారు నేటికిని ఉన్నారు.

రాజమహేంద్రవరములో ఒకాయన అట్టి కారును ఇచ్చి, పైన కొంత రొక్కము కూడ ఇచ్చి, ఈయన క్రొత్త కారు తీసికొందుననెనట.

కోరికకు అసలు పేరు

"ఎందుకు నాయనా మార్చుకోవాలనుకుంటున్నావు?" అని అడిగితిమి.

ఆయన సిద్ధపడియే వచ్చెను. "పైన డబ్బు వస్తుందండి, చిన్న అప్పు ఒకటి తీరుతుంది. పాత కారు కాబట్టి నలుగురిలో గొప్పలకు పోయినట్టు ఉండదు. లోకమంతా కొత్తవాటి వెంట పడుతుంటే మనం పాతదానికి రావడం తగ్గింపే కదండీ" అనెను.

మూడు కారణములు. మూడును ప్రసంగములో చెప్పదగినవే. అందుచేతనే మాకు అనుమానము పుట్టినది. ఎందుకనగా, ప్రియులారా, మనకు ఒకటి మిక్కిలిగా కావలసియున్నప్పుడు దానికి భక్తి వస్త్రము తొడిగి దేవుని యెదుటికి తెచ్చుట మనకు అలవాటు. ఇల్లు పెంచవలెనన్నచో ప్రార్థన కూటముల కొరకు అందుము. పెద్ద బండి కావలెనన్నచో సేవ కొరకు అందుము.

"ఈ రకం కారు మొట్టమొదట ఎప్పుడు చూశావు?" అని మరల అడిగితిమి.

ఆయన చాలసేపు మాటలాడలేదు. నేల మీదనున్న వేపపండును కాలితో దొర్లించుచు, చివరకు చెప్పెను. "పద్నాలుగేళ్లప్పుడండి. రావులపాలెంలో ఒకరింట్లో కార్లు కడిగేవాణ్ణి. వాళ్లబ్బాయికి ఇదే కారు, ఇదే రంగు. వారానికి రెండుసార్లు కడిగేవాణ్ణి. లోపల తుడవాలంటే తలుపు తీసి, బయట నిలబడే చెయ్యి పెట్టి తుడవమనేవారండి. సీటు మీద కూర్చోవద్దనేవారు."

ఆ మాట విన్నప్పుడు మా నోట మాట లేదు. ఇరువది యేండ్లకు పైగా ఆ కోరిక ఆయన లోపల ఉన్నది. అది గొప్పలకు పోవుటయని అనుటకు మాకు నోరు రాలేదు. తలుపు వెలుపల నిలువబెట్టబడిన పిల్లవాడు లోపల కూర్చుండవలెనని కోరుట పాపమా? కాదు. మనలను నిలువబెట్టిన గుమ్మముల జ్ఞాపకము మనలో ఎందరికి లేదు!

అయితే ఆ సహోదరునితో మేము చెప్పినది ఇదే: "బాబూ, ఇప్పుడు చెప్పిన కారణమే దేవుని ముందు పెట్టు. ఇందాక చెప్పిన మూడూ కాదు." నామము లేని కోరికను దేవుని యెదుట తూచలేము. అప్పు తీర్చుటకని ప్రార్థించినచో అప్పు తీరు మార్గము చూపబడునేమో. ఆ పిల్లవాని గాయమునకు మందు దొరకదు.

రథములు పాపము కావు

కొందరు సహోదరులు ఈ సంగతిని సులభముగా తేల్చివేయుదురు. కారు లోకము, ఆశ పాపము అందురు. పరిశుద్ధ గ్రంథము అంత సులభముగా తేల్చలేదు. సమస్తమును అనుభవించుటకే దేవుడు మనకు ధారాళముగా దయచేయుచున్నాడని పౌలు తిమోతికి వ్రాసెను. సంతోషము శత్రువు కాదు.

గ్రంథములోని వాహనములను గమనించుడి. అదోనీయా తానే రాజునగుదునని తలంచి, రథములను సిద్ధపరచుకొని, తన ముందర పరుగెత్తుటకు ఏబదిమందిని పెట్టుకొనెను. అదే దినములలో సొలొమోను తన తండ్రి కంచరగాడిదనెక్కి వచ్చి రాజయ్యెను. ఇక్కడితో కథ ఆపినయెడల పాత వాహనమే భక్తియని చెప్పవచ్చును. అయితే ఆ సొలొమోనే తరువాత 1,400 రథములు కూర్చుకొనెను. ఐగుప్తునుండి వచ్చు రథము ఒక్కటి 600 తులముల వెండి. కాబట్టి క్రొత్తది గర్వమనియు పాతది తగ్గింపనియు చెప్పుటకు వీలులేదు. పాత కంచరగాడిద మీద గర్వముతో కూర్చుండవచ్చును. క్రొత్త రథములో దీనునిగా కూర్చుండవచ్చును. ఐతియొపీయుడైన నపుంసకుడు రాణిగారి కొలువులో గొప్ప అధికారి. రథములో పోవుచు గ్రంథము చదువుకొనుచుండెను. కాలినడకన వచ్చిన ఫిలిప్పును ఎక్కి తన ప్రక్కన కూర్చుండుమని వేడుకొనెను. ఆ రథము ఎంత ఖరీదైనదో మనకు చెప్పబడలేదు. అందులో మరియొకనికి చోటు ఉన్నదని మాత్రము చెప్పబడినది.

అందుచేత అడుగవలసిన ప్రశ్న కారు ఏ సంవత్సరపుది అని కాదు. అందులో ఎవరెవరికి చోటున్నది అని.

మా తప్పిదము

ఇక మా సంగతి దాచుట న్యాయము కాదు.

మేము వేదాంత పాఠశాల విడిచి మొదటి సంఘమునకు వచ్చిన దినములవి. ఆ సంఘములో కూలి చేసికొని బ్రదుకు తల్లులు, పూటపూట వంటకు కొలిచిన బియ్యములోనుండి ఒక పిడికెడు తీసి వేరుగా నుంచి, ఆదివారము గుడికి తెచ్చెడివారు. ఆ పిడికెడు బియ్యము అమ్మిన సొమ్ము కూడబెట్టి, రెండేండ్లకు మాకొక క్రొత్త మోపెడు కొనియిచ్చిరి. దాని మీద కాలువ గట్టున పోవుచుండగా మా వయస్సువారు మమ్మును చూచి నవ్వుచున్నట్లు మాకు తోచెడిది. ఎవరును నవ్వలేదేమో, మా మనస్సే నవ్వెనేమో. ఆరు నెలలు గడువకమునుపే ఆ మోపెడును ఇచ్చి, పైన సొమ్ము వేసి, ఒక పాత మోటారు సైకిలు తీసికొంటిమి. దాని ధ్వని అర కిలోమీటరు దూరము వినబడెడిది. పాఠశాలలో చదువుకొనునప్పుడే అట్టి బండి మీద మాకు ఆశ.

సంఘ పెద్దలు అడిగినప్పుడు, లంకల ఇసుకలో మోపెడు పోదనియు, సేవకు బలమైన బండి కావలెననియు చెప్పితిమి. వారు నమ్మిరి. పాదిరి మాట నమ్మక ఏమి చేయుదురు?

బండిని చూచిన మెకానిక్కు ఒక సామాను మార్చవలెనని ముందే చెప్పెను. చేతిలో సొమ్ము లేక, వచ్చే నెల చూతమని మేము వాయిదా వేయుచు వచ్చితిమి. బండి తప్పు ఏమియు లేదు. దాని యీడు అది. తప్పు మాది.

శ్రావణపు ముసురులో ఒక రాత్రి కాలువ ఆవలి పేటనుండి కబురు వచ్చినది. పిడికెడు బియ్యము ఎన్నడును మానని ఒక ముసలి తల్లి చివరి దశలో నున్నదనియు, అయ్యగారు వచ్చి ప్రార్థన చేయవలెనని అడుగుచున్నదనియు చెప్పిరి. బండి కదలలేదు. అరగంట కిక్కు కొట్టితిమి. కొంతదూరము తోసితిమి. తరువాత దానిని గట్టు మీద వదలి నడిచితిమి. ఐదు కిలోమీటర్ల దారి, బురద, చీకటి.

మేము చేరునప్పటికి ఆమె ప్రభువునొద్దకు పోయియుండెను. వాకిట కూర్చున్న స్త్రీలు, "అయ్యగారి బండి చప్పుడు వినిపిస్తోందా అని అడుగుతానే ఉందండి" అనిరి. ఆమె కుమారుడు మమ్మును ఒక్క మాటయు అనలేదు. లోపలికి పోయి పొడి తువాలు తెచ్చి, "తడిసిపోయారండి, తల తుడుచుకోండి" అని చేతికిచ్చెను.

ప్రియులారా, ఆ తువాలు మేము మరువలేదు. ఆయన దూషించినయెడల కొంత తేలికగా నుండెడిది. అర కిలోమీటరు వినబడు ధ్వని కావలెనని కోరితిమి. ఆ తల్లి ఆ ధ్వని కొరకే చెవియొగ్గి, అది వినకయే పోయెను.

యాకోబు నేర్చిన నడక

ఆ తరువాత చాల దినములకు ఆదికాండము 33వ అధ్యాయము చదువుచుండగా మా కన్నులు ఒకచోట ఆగినవి. ఇరువది యేండ్లకు అన్నదమ్ములు కలిసికొనిరి. ఏశావు నాలుగు వందలమంది మనుష్యులతో వచ్చెను. కౌగిలింతలును కన్నీరును అయిన తరువాత, కలిసి ప్రయాణము చేయుదమని ఏశావు అనెను. వేగముగా పోవువారితో పోవుటకు ఎవరికి ఇష్టము లేదు? యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు లేతవారనియు, మందలో పాలిచ్చునవి యున్నవనియు, ఒక్క దినము వడిగా తోలినయెడల మంద యంతయు చచ్చుననియు చెప్పి, వారు నడువగలిగినంత మెల్లగా తాను వచ్చెదననెను.

యాకోబునకు వడిగా పోవుట చేతకాదని తలంచకుడి. మామ యింటినుండి పారిపోయినప్పుడు, లాబాను ఏడు దినములు తరుమవలసి వచ్చెను. అట్టి యాకోబు ఇప్పుడు మెల్లగా నడచుచున్నాడు. మునుపటి రాత్రి యబ్బోకు రేవునొద్ద తొడ గూడు వసలి, ఆయనయే కుంటుచున్నాడు. తన కాలు నొచ్చినవాడు పసివారి కాళ్లను గుర్తించెను.

అన్నగారి యెడల ఆయనకు ఇంకను భయమున్నది. శేయీరునకు వచ్చెదనని చెప్పి సుక్కోతునకు పోయెను. మంచి కారణము వెనుక మరియొక కారణము దాచుకొనుట యాకోబునకును తెలిసిన విద్యయే. గ్రంథము దానిని కప్పిపుచ్చలేదు. అయినను పసివారు క్షేమముగా చేరిరి.

ఇంటి యజమానుని వేగము ఇంజను శక్తిని బట్టి నిర్ణయింపబడదు. ఆయనకు అప్పగింపబడినవారిలో మిక్కిలి బలహీనుడెవరో, ఆ మనిషి నడకను బట్టి నిర్ణయింపబడును. మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇంతే.

కూర్చుండి లెక్క చూచుట

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు లూకా 14వ అధ్యాయములో చెప్పెను. కూర్చుండి అను మాట గమనించుడి. నిలువుకాళ్ల మీద, ఫోటో చేతిలో నుండగా, లెక్క సరిగా కుదరదు. మేమును ఆ సహోదరుడును వేపచెట్టు క్రింద బల్ల మీద కూర్చుండి, కాగితము తీసి వ్రాసితిమి.

ప్రయివేటు కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. ఆపైన ఫిట్నెసు పరీక్ష చేయించి, ఐదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. 2002 కారునకు ఆ గడువులు 2017, 2022లలో పోయి, మరల 2027లో వచ్చును. 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము మార్చిన నియమము ప్రకారము 20 ఏండ్లు దాటిన కారునకు ఈ పొడిగింపు రుసుము 10,000 రూపాయలు. ఇన్సూరెన్సులో, ఐదేండ్లు దాటిన బండికి నిర్ణయమైన విలువ పట్టిక లేదు. కంపెనీయు యజమానియు మాటలాడుకొని తేల్చుకొనవలసినదే.

2025 నాటికి మన పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. ఆ పాత కాలపు రబ్బరు గొట్టములును వాషర్లును దాని కొరకు చేసినవి కావు. వాటిని కనిపెట్టి, మార్చుచు నుండవలెను. సామానులు దొరకునుగాని వెదకవలెను, దినములు వేచియుండవలెను.

రక్షణ సంగతి మరియొకటి. బ్రేకు గట్టిగా నొక్కినను చక్రములు బిగిసిపోకుండ ఆపు ఏర్పాటు మన దేశములో క్రొత్త కార్లన్నిటికి 2019 ఏప్రిలునుండి తప్పనిసరియైనది. ముందరి రెండు సీట్లకు గాలి సంచులు 2021 చివరకు అన్ని క్రొత్త కార్లకు తప్పనిసరియైనవి. ఈయన 2022 కారులో ఇవి యున్నవి. 2002లో చట్టము వీటిని అడుగలేదు. ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క పల్లము, ఎదురుగా అరటి గెలల లారీ వచ్చు మన గట్టు రోడ్ల మీద దీని విలువ ఎంతో మేము చెప్పనక్కరలేదు.

పైన వచ్చు రొక్కము ఒక వైపున, ఇవన్నియు ఒక వైపున వ్రాసి చూచినప్పుడు, అప్పు తీరునను మాట దానంతట అదే కాగితము మీదనుండి పోయినది. మేము కొట్టివేయలేదు, లెక్కయే కొట్టివేసినది.

మార్పిడిలో మరియొక సంగతి కూడ మనము మరువరాదు. కొనువాడు బేరమాడునప్పుడు ఇది పనికిరాదని చెప్పి, కొనిపోయిన తరువాత తన లాభమును గూర్చి అతిశయించునని సామెతల గ్రంథము 20వ అధ్యాయము ఎత్తిచూపుచున్నది. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును తమ బండ్ల లోపములు దాచక చెప్పవలెను. అవును అనునది అవునుగానే యుండవలెను. మాట ఒక్కటే చాలదు, కాగితము కూడ నిజము చెప్పవలెను. 29, 30 నంబరు ఫారములు వ్రాసి ఆర్.టి.ఓ. ఆఫీసులో పేరు మార్పించక, తరువాత చూతమని విడిచిపెట్టువారు అనేకులు. ప్రమాదము జరిగినచో, రికార్డులో ఎవరి పేరున్నదో ఆ యజమానియే బాధ్యుడని 2018లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. తాను అమ్మివేసితినని నమ్మినవాని మెడకు పరుని ప్రమాదము చుట్టుకొనును. ఇది ప్రేమ లేని పని.

కాదని చెప్పుట మా పని కాదు

ఈ లెక్క చూచిన తరువాత ఆయన, "అయితే వద్దంటారా?" అని అడిగెను. మేము వద్దనలేదు.

వేరొక సహోదరుడు ఇదే ప్రశ్న అడిగినయెడల జవాబు వేరుగా నుండవచ్చును. ఇంటిలో మరియొక బండి యుండి, అప్పు లేక, పాత యంత్రమును విప్పి మరల బిగించుటలో సంతోషము పొందువానికి, ఆ 2002 కారు దేవుడిచ్చిన మంచి వినోదమే కావచ్చును. పాతదానిని పారవేయక బాగుచేసికొనుట ఒక గుణము. దానిని మేము నిందింపము, ఎవరును నిందింపవద్దు.

ఆయనతో మేము అన్నది ఒక్కటే. "వెనక సీటులో కూర్చునేవాళ్లను అడిగావా? అమ్మగారిని అడిగావా?" అడుగలేదనెను. "అడుగు. అప్పు సంగతి కాదు, రావులపాలెం సంగతి చెప్పి అడుగు" అంటిమి.

తల్లి చెప్పిన మాట

మరుసటి ఆదివారము ఆయన తానే వచ్చి చెప్పెను. తల్లికి ఉన్నదున్నట్లు చెప్పెనట. ఆమె చాలసేపు ఊరకుండి, "నీకు లోపల కూర్చోనియ్యలేదని నాకెప్పుడూ చెప్పలేదేంరా?" అనెనట. "చెప్తే పని మాన్పించేస్తావని" అని ఈయన అనెను. ఆ దినములలో ఆ కూలి సొమ్ము ఇంటికి అవసరము. ఇరువది యేండ్లు దాటిన మాట ఆ రాత్రి ఆ తల్లికిని కుమారునికిని నడుమ వెలుపలికి వచ్చినది.

తరువాత ఆమెయే, "పద, ఆ కారు చూద్దాం" అనెనట. ఇద్దరును రాజమహేంద్రవరము పోయిరి. కారు యజమాని మంచివాడు. తాళము చేతికిచ్చి నడిపి చూడుమనెను. ఆమెను ముందర సీటులో కూర్చుండబెట్టుకొని, ధవళేశ్వరము వరకు పోయి, బ్యారేజీ మొదట త్రిప్పుకొని వచ్చెను. ఆ ఇంజను ధ్వని ఎట్లున్నదని మేము అడిగితిమి. ఆయన ముఖము పద్నాలుగేండ్ల పిల్లవాని ముఖమైనది. "అబ్బో, అది వేరండి అయ్యగారూ" అనెను. మేమును సంతోషించితిమి.

"మరి?" అంటిమి.

"దిగేటప్పుడండి," అని ఆయన ఆగెను. "సీటు కిందికుంది కదండీ. అమ్మ లేవలేకపోయింది. నా రెండు చేతులూ పట్టుకుని, మూడుసార్లు లేవబోయి కూలబడిపోయింది. ఏమీ అనలేదండి, నవ్వింది. 'నేనుండగా నువ్వు లోపల కూర్చున్నావు చూడు, నాకదే చాలురా' అంది. నేను తాళం ఇచ్చేశానండి."

ఎవరును వద్దనలేదు. తల్లియు వద్దనలేదు. ఆమె మోకాళ్లు ఆయనకు తెలియచేసినవి. యాకోబునకు పసివారి అడుగులు తెలియచేసినట్లే.

ఐగుప్తులో అధికారియైన యోసేపునకు మంచి రథమున్నది. ఫరో తన రెండవ రథముమీదనే ఆయనను ఎక్కించెను. అయితే కనానుకు తండ్రి కొరకు పంపినవి రథములు కావు, బండ్లు. పిల్లలును స్త్రీలును ముసలివాడును ఎక్కి కూర్చుండదగిన బండ్లు. కుమారుడు బ్రదికియున్నాడన్న మాట మొదట నమ్మలేని ముసలి యాకోబు, ఆ బండ్లను చూచినప్పుడు ప్రాణము తెప్పరిల్లెనని గ్రంథము చెప్పుచున్నది. తన కుమారుడు తన వయస్సును, తన నడుమును తలంచుకొనెనని ఆ బండ్లు చెప్పినవి కాబోలు.

ప్రియ పాఠకులారా, మీ వాకిట నిలిచిన వాహనమును నేటి సాయంత్రము ఒకసారి చూడుడి. క్రొత్తదైనను పాతదైనను, కారైనను సైకిలైనను సరే. అది ఎవరి నడకను తలంచుకొని కొనబడినది? మార్చుకొనవలెనను కోరిక యున్నచో దానిని తరుమవద్దు, దానికి వేరు పేరు పెట్టవద్దు. అసలు పేరుతో దేవుని యెదుటను, మీ వెనుక సీటులో కూర్చుండువారి యెదుటను పెట్టుడి. తరువాత కూర్చుండి లెక్క చూడుడి. అప్పుడు మీరు ఏది తీసికొన్నను, దానిలో సమాధానముతో కూర్చుందురు.

ప్రార్థన: దయగల తండ్రీ, మా కోరికలు మాకంటె నీకే బాగుగా తెలియును. వాటిని నీ యెదుట దాచకుండ మాకు ధైర్యమిమ్ము. వెలుపల నిలువబెట్టబడిన మా బాల్యమును నీవు చూచితివి; దానిని నీవే లోపలికి పిలిచి కూర్చుండబెట్టుము. మాకు అప్పగించిన బలహీనుల అడుగులకు మా వేగమును సరిపరచుము. రాత్రివేళ మా కొరకు ఎదురుచూచువారి యొద్దకు ఆలస్యము కాక చేరునట్లు మమ్మును సిద్ధముగా నుంచుము. మా రక్షకుడైన యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.